హోలుండర్ రసం ఇంట్లో తీయాలంటే: మిక్సీనా, వాసెన గిన్నెనా, స్టీమ్ జూసరా?

ఆగస్టు ఆఖరు వారం వచ్చిందంటే జర్మనీలో మేముండే హాంబుర్గ్ చుట్టుపక్కల కాలవ గట్ల మీద, సైకిల్ దారుల పక్కన, సూపర్ మార్కెట్ పార్కింగ్ వెనకాల, ఎక్కడ చూసినా హోలుండర్, అంటే ఎల్డర్‌బెర్రీ, నల్లటి గుత్తులు వేలాడుతుంటాయి. ఒక్కో పండు మిరియపు గింజ కంటే కాస్త పెద్దది. గుత్తికి వందల కొద్దీ ఉంటాయి, ఆ బరువుకి గుత్తి మొత్తం తలకిందులుగా వంగిపోతుంది. రంగు చూస్తే నేరేడు పండు గుర్తొస్తుంది. మనవాళ్లు మొదటి ఏడాది ఫొటో తీసి ఫ్యామిలీ గ్రూపులో పెడతారు. రెండో ఏడాది "ఇవి తినొచ్చా?" అని ఆఫీసులో అడుగుతారు. మూడో ఏడాది సంచి పట్టుకుని బయల్దేరతారు. ఇది ఆ మూడో ఏడాది వాళ్ల కోసం రాస్తున్నాను.

ఎల్డర్‌బెర్రీకి తెలుగులో పేరు లేదు, మన నేల మీద పెరిగే చెట్టు కాదు కాబట్టి. జర్మన్‌లో హోలుండర్ అంటారు. బవేరియా, ఆస్ట్రియా వైపు హోలర్. మా ఉత్తరాదిలో మాత్రం ఫ్లీడర్‌బేరె. పుస్తకాల జర్మన్‌లో ఫ్లీడర్ అంటే లైలాక్ పూల చెట్టు. మా కింది అంతస్తు పెద్దావిడ "జలుబుకి ఫ్లీడర్ రసం తాగు" అన్నప్పుడు నేను లైలాక్ పూలతో ఏదో కషాయం కాస్తారు కాబోలు అనుకుని చాలా రోజులు అదే భ్రమలో ఉన్నాను.

ఐదు సీజన్లలో నాలుగు రకాలుగా రసం తీశాను. రెండు బాగా వచ్చాయి, ఒకటి ఫర్వాలేదు, ఒకటి సింకులో పోశాను. ఏ పద్ధతి ఎవరికి సరిపోతుందో చెప్పే ముందు, అన్నిటికీ వర్తించే సంగతి ఒకటుంది.

పచ్చి రసం మాత్రం వద్దు

ఈ పండు పచ్చిగా తినకూడదు. ఆకుల్లో, కాడల్లో, పచ్చి కాయల్లో, గింజల్లో సాంబునిగ్రిన్ అనే పదార్థం ఉంటుంది. అది నలిగినప్పుడు సైనైడ్ విడుదలవుతుంది. తూర్పుగోదావరిలో పెరిగినవాళ్లకి ఈ ముచ్చట మరీ కొత్తది కాదు. కర్రపెండలంలో ఉండేదీ ఈ కోవ పదార్థమే. పచ్చి దుంప కొరకొద్దని, ఉడకబెట్టి ఆ నీళ్లు పారబోయమని మా నాయనమ్మ ఒకటికి పదిసార్లు చెప్పేది.

1983 ఆగస్టులో కాలిఫోర్నియాలోని మాంటెరే కౌంటీలో ఒకచోట ఓ పాతికమంది చేరారు. వాళ్లకోసం అడవి ఎల్డర్‌బెర్రీ గుత్తుల్ని ఆకులు, కొమ్మలతో సహా స్టీలు ప్రెస్‌లో నలిపి పచ్చి రసం తీశారు. తాగిన పావుగంటలోనే 11 మందికి వికారం, వాంతులు మొదలయ్యాయి. ఎనిమిది మందిని హెలికాప్టర్‌లో ఆసుపత్రికి తీసుకెళ్లాల్సి వచ్చింది. అందరూ కోలుకున్నారు. అది అక్కడి పశ్చిమ తీరపు రకం, మన చుట్టూ ఉండేది యూరప్ రకం, సాంబుకస్ నైగ్రా. అయినా జాగ్రత్త ఒకటే. కాడలు ఒలిచెయ్యాలి, గింజ నలగనివ్వకూడదు, బాగా మరిగించాలి. హైడ్రోజన్ సైనైడ్ దాదాపు 26 డిగ్రీలకే ఆవిరైపోతుంది కాబట్టి చివర్లో మూత తీసి, వంటింటి కిటికీ తెరిచి పది పదిహేను నిమిషాలు తెర్లనివ్వడం మంచిది. "నేచురల్, రా, కోల్డ్ ప్రెస్డ్" అనే మాటలు ఎంత ఊరించినా ఈ పండు దగ్గర పనికిరావు.

ఎవరైనా పొరపాటున పచ్చివి ఎక్కువ తిని వాంతులు పట్టుకుంటే ఇంటి చిట్కాలతో టైమ్ వృథా చెయ్యొద్దు. ఉత్తర జర్మనీకి విష ప్రమాదాల హెల్ప్‌లైన్ గోటింగెన్‌లో ఉంది, పరిస్థితి తీవ్రంగా ఉంటే నేరుగా ఎమర్జెన్సీ నంబరు 112.

కోసేటప్పుడు

చెట్టు గుర్తుపట్టడం కష్టమేం కాదు, కానీ దీనికి ఒక తమ్ముడున్నాడు. ఆట్టిష్ అంటారు, మరుగుజ్జు హోలుండర్. అది విషపూరితం. దాని గుత్తులు పండినా ఆకాశం వైపు నిటారుగానే నిలబడతాయి. మొక్కకి చెక్కలాంటి కాండం ఉండదు, మనిషి ఎత్తు దాటడం తక్కువ, ఆకు నలిపితే వాసన అసహ్యంగా ఉంటుంది. అసలుది గట్టి బెరడున్న పొద లేదా చిన్న చెట్టు, పండిన గుత్తి కిందికి వేలాడుతుంది, గుత్తి కాడలు ఎర్రగా మారతాయి. ఏమాత్రం అనుమానం ఉన్నా కోయకండి, పక్కనే ఇంకో చెట్టు ఉంటుంది.

జర్మనీ ప్రకృతి సంరక్షణ చట్టం 39వ సెక్షన్ ప్రకారం సొంత వాడకానికి కొద్ది మొత్తంలో పళ్లు, పూలు, పుట్టగొడుగులు కోసుకోవచ్చు. రక్షిత ప్రాంతాల్లో, ఒకరి తోటలో కాదు. కారు డిక్కీ నిండా కోస్తే అది "కొద్ది మొత్తం" కిందికి రాదు. పక్షులకి కూడా నాలుగు గుత్తులు వదలండి.

గుత్తిలో సగం నలుపు, సగం ఆకుపచ్చ ఉంటే ఆ చెట్టుని ఇంకో వారం వదిలెయ్యండి. పచ్చి కాయలు ఏరుకుంటూ కూర్చుంటే సాయంత్రం దాటిపోతుంది.

ఒలవడం: ఫోర్కా, ఫ్రీజరా?

నిజం చెప్పాలంటే రసం తీయడం చిన్న పని. ఒలవడమే పెద్ద పని. ఏ యంత్రం కొనాలా అని తల బద్దలు కొట్టుకునేవాళ్లు ఈ విషయం లెక్కలోకి తీసుకోరు.

నా మొదటి సీజన్‌లో చేత్తో ఒలిచాను. రెండు కిలోల పళ్లకి గంటన్నర పట్టింది. గోళ్ల కింద దిగిన రంగు మూడు రోజులు పోలేదు, ఆఫీసు మీటింగులో చేతులు టేబుల్ కింద పెట్టుకుని కూర్చున్నాను. తర్వాత ఫోర్కుకి మారాను. గుత్తిని ముందు పెద్ద గిన్నెడు చల్లటి నీళ్లలో ముంచి ఆడించాలి, చిన్న చిన్న పురుగులు, ఎండిన పూరేకులు తేలిపోతాయి. తర్వాత గుత్తిని తలకిందులుగా పట్టుకుని ఫోర్కు పళ్లు కాడల మధ్య దూర్చి కిందికి దువ్వితే పళ్లు టపటపా రాలతాయి, పేలకి తల దువ్వినట్టే. లేత కాడ ముక్కలు కూడా కొన్ని రాలతాయి, వాటిని ఏరెయ్యాలి.

ఇంకో దారి ఫ్రీజర్. కడిగి, ఆరబెట్టిన గుత్తుల్ని కవర్‌లో పెట్టి రాత్రంతా ఫ్రీజ్ చేస్తే పొద్దున్నే కవర్ పట్టుకుని కుదిపితే చాలు, పళ్లు గోళీల్లా రాలిపోతాయి. వాటిని కరగకముందే గిన్నెలోకి వేసెయ్యాలి. గడ్డకట్టిన పండు తొక్క పగిలి ఉంటుంది కాబట్టి రసం కూడా తేలిగ్గా దిగుతుంది. చోటుంటే నా ఓటు దీనికే. చిక్కల్లా మన ఇళ్లలో ఫ్రీజర్‌కి మూడు సొరుగులు, అందులో రెండు పరోటాలు, తురిమిన కొబ్బరి, కరివేపాకుతో నిండిపోయి ఉంటాయి.

మిక్సీ, కోల్డ్ ప్రెస్: నా ఓటు లేదు

మనవాళ్లకి చేతికి మొదట అందేది మిక్సీ. నేనూ అదే చేశాను. ఒలిచిన పళ్లు జార్‌లో వేసి రెండు తిప్పులు తిప్పి, వడకట్టి, మరిగించాను. రంగు అద్భుతం. రుచి మాత్రం వేప పుల్ల నమిలినట్టు చేదు. గింజలన్నీ నలిగిపోయాయి, ఆ చేదంతా రసంలోకి వచ్చింది. గింజల్లో ఉన్న ఆ పనికిమాలిన పదార్థమూ అందులోకే వస్తుంది. రెండు కప్పుల పంచదార వేసినా దారికి రాలేదు. సింకులో పోశాను అన్నది ఆ బ్యాచే. పోసి, సబ్బు నీళ్లతో కడిగితే ఊదారంగు కాస్తా నీలం ఆకుపచ్చగా మారింది. ఈ పండులోని రంగు పులుపు తగిలితే ఎర్రగా, సబ్బు లాంటి క్షారం తగిలితే నీలంగా తిరుగుతుంది. రసం పోయినా మా అబ్బాయికి ఆ పూట సైన్స్ పాఠం దొరికింది.

గిర్రున తిరిగే సెంట్రిఫ్యూగల్ జూసర్‌లోనూ ఇదే గోల, పైగా నురగ. నెమ్మదిగా నలిపే కోల్డ్ ప్రెస్ మెషీన్ గింజల్ని కాస్త తక్కువ నలుపుతుంది, ఒప్పుకుంటాను. కానీ దాని గొప్పంతా వేడి తగలకుండా రసం తీయడంలో ఉంది. మనం ఆ రసాన్ని తర్వాత ఎలాగూ మరిగించాలి. అంత డబ్బు పోసి కొన్న యంత్రంతో తీసి స్టవ్ మీద పెట్టడం ఎందుకు? దానిమ్మ, బత్తాయి కోసం ఇంట్లో ఉంటే ఉండనివ్వండి, ఈ పండు కోసమైతే కొనొద్దు.

ప్రెషర్ కుక్కర్ సంగతి కూడా అడుగుతారని తెలుసు. ఈ పళ్లు ఉడికేటప్పుడు బాగా నురగ పొంగుతుంది, తొక్కలు పైకి లేస్తాయి. అవి ఆవిరి రంధ్రంలో ఇరుక్కుంటే ప్రమాదం. విజిల్ సంగతి దేవుడెరుగు, గోడకి ఊదారంగు సున్నం పడుతుంది.

గిన్నె, గుడ్డ

ఇదే అందరికంటే చవకైన దారి. ఇంట్లో ఉన్నవి చాలు. కిలో పళ్లకి రెండు మూడు గ్లాసుల నీళ్లు, అంటే దాదాపు అర లీటరు. స్టీలు లేదా ఎనామెల్ గిన్నె వాడండి, అల్యూమినియం వద్దు, పులుపుకి లోహం రసంలోకి దిగుతుంది. సన్నని సెగ మీద పళ్లు పగిలేదాకా, ఆ తర్వాత ఇంకో 20 నిమిషాలు ఉడకనివ్వాలి. పప్పు మెదిపినట్టు మెదపకండి. గరిటె వెనక వైపుతో మెల్లగా ఒత్తితే చాలు, గింజ జోలికి పోకూడదు.

తర్వాత వడపోత. చిల్లుల గిన్నెలో తడిపిన పల్చటి గుడ్డ పరిచి, అందులో పోసి వదిలెయ్యాలి. నేను పాత మల్లు పంచె ముక్క వాడతాను. కొత్త గుడ్డైతే ముందు మరిగే నీళ్లలో ముంచి తియ్యండి, లేదంటే గంజి వాసన వస్తుంది. ఆ గుడ్డ మళ్లీ తెల్లబడదని ముందే రాజీ పడాలి.

ఇక్కడే రెండు దార్లు. రాత్రంతా దానంతట అదే కారనిస్తే రసం తేటగా ఉంటుంది. గుడ్డ మూటకట్టి పిండితే రసం ఎక్కువే వస్తుంది, కానీ మడ్డిగా ఉంటుంది, సీసా అడుగున బురదలా పేరుకుంటుంది. చారులో వాడే చింతపండు పులుసులా చిక్కగా ఉన్నా పర్లేదు అనుకునేవాళ్లు పిండుకోండి. నేను సగం సగం: రాత్రి కారినది సీసాకి, పొద్దున పిండినది ఆ రోజు తాగడానికి.

ఈ పద్ధతిలో నాకు రెండు కిలోల పళ్లకి లీటరున్నర దాకా వచ్చింది. అందులో నీళ్ల వాటా ఉందని మర్చిపోకండి. రుచి కాస్త పల్చన.

వాసెన కట్టిన గిన్నె

ఇది నేను కనిపెట్టింది కాదు, స్టీమ్ జూసర్లు లేని ఇళ్లలో జర్మన్లు కూడా ఇలాగే తీసేవారు. పెద్ద లోతైన గిన్నెలో నాలుగు వేళ్ల ఎత్తు నీళ్లు. అందులో చిన్న స్టాండు, దాని మీద నీళ్లకి ఆనకుండా వేడికి తట్టుకునే గిన్నె. పెద్ద గిన్నె మూతికి గుడ్డ వదులుగా కట్టి, మధ్యలో గుంతలా కిందికి దిగేలా చూసి, ఆ గుంతలో పళ్లు పొయ్యాలి. గుడ్డ కొసలు పైకి మడిచి, మూత పెట్టాలి. కింద నీళ్లు మరిగి ఆవిరి గుడ్డలోంచి పైకి పోతుంది, పళ్లు పగిలి రసం గుడ్డలోంచి కింది గిన్నెలోకి బొట్లు బొట్లుగా కారుతుంది.

మొదటిసారి ఇది చేస్తున్నప్పుడు అమలాపురంలో ఉన్న మా అమ్మ వీడియో కాల్‌లో ఉంది. కాసేపు చూసి, "ఒరేయ్, ఇది మనం వాసెన కట్టి ఆవిరి కుడుము వేసుకున్నట్టే కదరా, దీనికి అంత దూరం వెళ్లి నేర్చుకోవాలా?" అంది. నిజమే. కుడుము పిండి గుడ్డ మీదే నిలుస్తుంది, ఇక్కడ రసం కిందికి దిగుతుంది, తేడా అంతే.

కిలో, కిలోన్నర పళ్లకి ఇది బాగుంటుంది. నీళ్లు నేరుగా కలపం కాబట్టి రసం చిక్కగా, తేటగా వస్తుంది, రెండోసారి వడకట్టక్కర్లేదు. కిలోన్నరకి ముప్పావు లీటరు పైచిలుకు వచ్చింది నాకు. ఇబ్బందులు రెండు. ఒకటి, గంటసేపు ఆవిరి మీద ఉంచాలి, మధ్యలో అడుగున నీళ్లు ఇంకిపోతే గిన్నె మాడుతుంది. ఒక చిన్న ఉపాయం: అడుగున నీళ్లలో ఓ స్టీలు చెంచా వేసి ఉంచితే మరుగుతున్నంతసేపు టకటకమంటుంది, చప్పుడు ఆగిందంటే నీళ్లు అయిపోతున్నాయన్నమాట. రెండోది, గుడ్డ కొసలు బయట వేలాడితే గ్యాస్ స్టవ్ మీద అంటుకుంటాయి. ఇండక్షన్ మీదైనా మడిచి కట్టండి, లేదంటే కొసల్లోంచి రసం స్టవ్ మీద కారుతుంది.

స్టీమ్ జూసర్

డాంఫ్‌ఎంట్‌జాఫ్టర్. పేరు పెద్దది, సరుకు సింపుల్. మూడు అంతస్తుల గిన్నె, చూస్తే ఇడ్లీ పాత్రకి పెద్దన్నలా ఉంటుంది. అడుగున నీళ్ల గిన్నె. మధ్యలో రసం గిన్నె, దాని నడుమ పొగగొట్టంలా ఒక గరాటు, అందులోంచి ఆవిరి పైకి పోతుంది. పైన చిల్లుల బుట్టలో పళ్లు. మధ్య గిన్నెకి పక్కన చిన్న గొట్టం, దానికి రబ్బరు పైపు, క్లిప్పు. క్లిప్పు నొక్కితే వేడి వేడి రసం నేరుగా సీసాలోకి దిగుతుంది.

ఒక్కసారికి మూడు నాలుగు కిలోలు పడతాయి. నీళ్లు మరగడం మొదలయ్యాక ముప్పావుగంట నుంచి గంట. కదపక్కర్లేదు, మెదపక్కర్లేదు, వడకట్టక్కర్లేదు, గింజ నలిగే ప్రసక్తే లేదు. నాలుగు కిలోలకి నాకు రెండున్నర లీటర్లు దాటి వచ్చింది. మొదట కారే రసం చిక్కగా, చివరికి పల్చగా ఉంటుంది. అందుకని ఆఖరి పది నిమిషాల ముందు ఓ అర లీటరు తీసి మళ్లీ పళ్ల మీద పోస్తే అన్ని సీసాల్లో రుచి ఒకేలా ఉంటుంది. ఈ చిట్కా కింది అంతస్తు పెద్దావిడది. నేనైతే ఆపైన మొత్తం రసాన్ని విడిగా గిన్నెలో పోసి ఇంకోసారి మూత లేకుండా మరిగిస్తాను. గంటసేపు ఆవిరి పట్టాక మళ్లీ ఎందుకని ఆవిడ నవ్వుతుంది. నాకు మాత్రం అలా చేస్తేనే టెన్షన్ ఉండదు.

కొనాలనుకుంటే మూడు రకాలు దొరుకుతాయి. అల్యూమినియం తేలిక, చవక, కానీ పులుపుకి సరిపడదు, చాలావరకు ఇండక్షన్ మీద పనిచెయ్యదు. ఎనామెల్ బాగుంటుంది, పెచ్చులు లేచిందంటే మాత్రం పక్కన పెట్టెయ్యాలి. స్టీలు అన్నిటికంటే ఖరీదు, అన్నిటికంటే మన్నిక. ఇండక్షన్ స్టవ్ ఉన్నవాళ్లు డబ్బా మీద ఆ గుర్తు చూసుకునే కొనండి.

అయితే ఏడాదికి ఒక్కరోజు వాడే సామాను ఇది. అపార్ట్‌మెంట్ వంటింట్లో దీనికి చోటేది? ఈ తరం జర్మన్లు కూడా తమ అమ్మల దగ్గర్నుంచి అరువు తెచ్చుకుంటారు. ఫ్లీ మార్కెట్లలో పాతవి దొరుకుతాయి. కొనే ముందు రబ్బరు పైపు చూడండి, ఎండి పగిలి ఉంటే కొత్తది వేయించుకోవాలి, అక్కడ లీకైతే చెయ్యి కాలుతుంది. మేం నాలుగు కుటుంబాలం కలిసి ఒకటి తీసుకున్నాం. మా కెల్లర్‌లో, అంటే బిల్డింగు సెల్లార్‌లో, ఉంటుంది. వరస ప్రకారం వారాంతానికొకరు.

మధ్యలో ఇంకొకటుంది, ఫ్లొట్టె లొట్టె అనే చేతి మర. టమాటా గుజ్జు తీయడానికి బాగుంటుంది గానీ, ఈ పళ్ల సన్న గింజలు దాని చిల్లుల్లో ఇరుక్కుంటాయి. జామ్ కోసమైతే ఒకసారి చూడండి, రసానికి వద్దు.

అయితే మీకు ఏది?

కిలో, రెండు కిలోలు, "ఎలా ఉంటుందో చూద్దాం" అనుకునేవాళ్లు గిన్నె, గుడ్డతో మొదలుపెట్టండి. ఒక్క రూపాయి ఖర్చు లేదు. నచ్చింది, చిక్కటి రసం కావాలి, కానీ పళ్లు తక్కువే అంటే వాసెన గిన్నె. మూడు కిలోలు దాటితే మాత్రం ఆ రెండూ నరకం. గుడ్డ నిండిపోయి, గిన్నెలు చాలక, రాత్రి పదకొండింటికి సింకు దగ్గర నిలబడి తిట్టుకుంటారు. అప్పుడు స్టీమ్ జూసర్ అరువు తెచ్చుకోండి. పెరట్లో ఆపిల్, ద్రాక్ష, రెడ్‌కరెంట్ అనే పుల్లటి చిన్న ఎర్ర పళ్లు లాంటివి కూడా ఉన్న ఇల్లైతే కొనుక్కున్నా తప్పులేదు, జూలై నుంచి అక్టోబరు దాకా దానికి పని ఉంటుంది.

అమెరికాలో ఉన్న మన స్నేహితులు ఎక్కువగా ఎండు పళ్లు కొని సిరప్ కాస్తారు. దానికి ఈ గొడవేమీ అక్కర్లేదు, నీళ్లలో వేసి మూత తీసి మరిగించి వడకట్టుకోవడమే. రంగు ఉంటుంది, తాజా పండు వాసన ఉండదు.

పంచదార ఎంత, నిల్వ ఎలా?

పంచదార లేని రసం ఒట్టిగా తాగితే మొదటిసారి ఎవరికీ నచ్చదు. మట్టి వాసన, వగరు, కొంచెం పులుపు. లీటరుకి 100 నుంచి 150 గ్రాములు, ఒక నిమ్మకాయ రసం వేస్తే దారికొస్తుంది. సగానికి సగం ఆపిల్ రసం కలిపితే పిల్లలు కూడా తాగుతారు. సిరప్‌లా కావాలంటే లీటరుకి అర కిలో దాకా వేసుకోవచ్చు. నేను మాత్రం పంచదార లేకుండానే నిల్వ చేసి తాగేటప్పుడు కలుపుతాను. ఎందుకంటే అందులో సగం సూప్‌కి పోతుంది. ఫ్లీడర్‌బేర్‌సుప్పె అని ఇక్కడి వంటకం: రసాన్ని ఆపిల్ ముక్కలతో మరిగించి, కొంచెం స్టార్చ్‌తో చిక్కబరిచి, రవ్వ ముద్దలు వేసి వేడిగా తింటారు. మనం ఉప్మా కోసం కొనే గ్రీస్ రవ్వే అది. రవ్వ ముద్దల్లో నేను ఏలకుల పొడి వేస్తాను. పెద్దావిడకి చెప్పలేదు.

నిల్వకి రెండు దార్లు: ఫ్రీజర్, వేడిగా సీసాలో నింపడం. ఎంచుకోమంటే మొదటి ఏడాది కళ్లు మూసుకుని ఫ్రీజర్ అంటాను. డబ్బాలో పైన రెండు వేళ్ల ఖాళీ వదిలి పెట్టెయ్యడమే. ఐస్ ట్రేలో గడ్డకట్టిస్తే కప్పు వేడి నీళ్లకి రెండు ముక్కలు చొప్పున వాడుకోవచ్చు. ఫ్రిజ్‌లో అయితే నాలుగైదు రోజుల్లో అయిపోగొట్టాలి.

సీసాల్లో నింపేవాళ్లు ఒక సంగతి తెలుసుకోవాలి. ఈ పండు నిమ్మ, ఉసిరి అంత పుల్లనిది కాదు. గాలి చొరని సీసాలో బొటులిజం (గాలి లేనిచోట పెరిగే బాక్టీరియా విషం) లాంటి ప్రమాదం రాకుండా ఉండాలంటే పీహెచ్, అంటే పులుపు కొలత, 4.6 కంటే కిందే ఉండాలి; అంకె ఎంత తగ్గితే అంత పులుపు. యూరప్ రకం మామూలుగా దానికి కిందే ఉంటుంది గానీ మరీ దూరంగా ఉండదు. అమెరికా రకం దాన్ని దాటిపోవచ్చు. కాబట్టి నిమ్మరసం తప్పనిసరి, సీసాలు, మూతలు మరిగించి తీసినవై ఉండాలి, రసం సలసల కాగుతుండగానే అంచుదాకా పోసి మూత బిగించాలి. అమెరికాలో ఉన్నవాళ్లు సీసాల జోలికి పోకుండా ఫ్రీజర్‌లోనే పెట్టుకోండి.

మా రెండో సీజన్‌లో నేను రసం గోరువెచ్చగా అయ్యాక పోశాను. చెయ్యి కాలుతుందని భయం. మూడు వారాల తర్వాత హాల్లో షెల్ఫు మీద నుంచి "టప్" మని చప్పుడు. మూత ఎగిరిపోయింది, పులిసిన రసం అద్దె ఇంటి తెల్ల గోడ మీద సీలింగ్ దాకా. డిపాజిట్ గుర్తొచ్చి గుండె జారింది. రెండుసార్లు తెల్ల పెయింట్ వేసినా లేత ఊదా నీడ కనిపిస్తూనే ఉంది, మరక ఆపే ప్రైమర్ వేశాకే పోయింది. సీసా తెరిచినప్పుడు బుసబుస పొంగినా, మూత ఉబ్బినా, పులిసిన వాసన వచ్చినా రుచి చూడకుండా పారబొయ్యండి.

కొనుక్కుంటే పోదా?

పోతుంది. జర్మనీలో సబ్బులు, షాంపూల లాంటివి అమ్మే డ్రోగెరీ షాపుల్లో, ఆర్గానిక్ దుకాణాల్లో హోలుండర్ ముట్టర్‌జాఫ్ట్ అని గాజు సీసాల్లో దొరుకుతుంది. ముట్టర్‌జాఫ్ట్ అంటే నీళ్లు, పంచదార కలపని అచ్చమైన రసం. నెక్టార్ అని రాసి ఉంటే అందులో నీళ్లు కలిపినట్టే, మామూలుగా పంచదారా ఉంటుంది, లేబుల్ వెనక్కి తిప్పి చూడండి. చలికాలంలో జలుబు చేసినప్పుడు నాలుగు రోజులు వేడిగా తాగడానికి ఒక్క సీసా చాలు అనుకునేవాళ్లు ఒలిచే పని పెట్టుకోవద్దు, కొనుక్కోండి. జలుబు దీంతోనే తగ్గుతుందని నేను చెప్పను. వేడి వేడిగా గొంతులో దిగుతుంటే హాయిగా ఉంటుంది, మన మిరియాల పాలలాగే. జ్వరం నిలబడితే డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సిందే. చిన్నపిల్లలకి, గర్భిణులకి డాక్టర్‌ని అడిగాకే ఇవ్వండి.

మా వంతు ఈసారి సెప్టెంబరు రెండో వారాంతానికి పడింది. ఫ్రీజర్‌లో పరోటాలు అప్పటికి అయిపోవాలని ఇంట్లో అందరం కష్టపడి తింటున్నాం. అయిపోకపోతే ఫోర్కు పట్టుకుని కూర్చునే పని నాదేనని మా ఆవిడ ఇప్పటికే చెప్పేసింది.